దమ్మిడీ తగ్గని బేరం

"అడగందే అమ్మైనా పెట్టదంటారు కదా తమ్ముడూ, నా షెడ్డులోనూ అదే చట్టం. అడిగినవాడికి తగ్గించాను. అడగనివాళ్ల దగ్గర చెప్పినంతా పుచ్చుకున్నాను. ఇన్నేళ్లూ అదే న్యాయమనుకున్నాను చూడు!"

మాట్లాడుతూనే ఆయన నా కారు ముందు సీటు కింద చెయ్యి పెట్టి తడుముతున్నాడు. బిస్కెట్ ముక్క ఒకటి పైకి తీసి, వెలుతురులో పెట్టి చూశాడు.

"ఇది మీ పాపదా, నీదా?"

నాదేనని ఒప్పుకున్నాను.

"ఇంకా నయం. పాప మీదికి నెట్టలేదు."

వీధిలో అందరూ ఆయన్ను తళతళ అంటారు. అసలు పేరు అడిగితే "అదెవరికి కావాల్లే" అంటాడు. కార్లను లోపలా బయటా శుభ్రం చేసి మెరుగుపెట్టడం ఆయన పని. రెండు కార్లు పట్టే రేకుల షెడ్డు, దాని వెనక గది. గదిలో ఒక మంచం, ఒక కంచం, ఒక గ్లాసు. పెళ్లి చేసుకోలేదు. సంబంధాలు చూసుకోవాల్సిన వయసంతా కార్ల కింద పడుకుని గడిపానంటాడు. షెడ్డులోకి మాత్రం నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు కొన్నాడు. ఇప్పుడవి ఒకదాని మీద ఒకటి పేర్చి మూలన ఉన్నాయి.

ఒకప్పుడు వాటిలో చోటు దొరికేది కాదు. కారు రాగానే తళతళ దాని చుట్టూ ఒకసారి తిరిగి, ధర చెప్పేవాడు. వచ్చినాయన గుండె పట్టుకునేవాడు. "ఈ డబ్బుకి కొత్త కారే వస్తుంది కదయ్యా!" "అయితే కొనుక్కోండి, దాన్ని కడిగించుకోడానికీ నా దగ్గరికే రావాలి." అలా మొదలైన బేరం మోకాళ్ల నొప్పుల మీదుగా, అల్లుడి ఉద్యోగం మీదుగా ఎక్కడెక్కడో తిరిగొచ్చేది. అది తెగేసరికి సగం కారు తుడవడం అయిపోయేది.

"మరి ఆ బోర్డెందుకు పెట్టావన్నా?" అన్నాను, గేటుకు వేలాడుతున్న ధరల పట్టీ వైపు చూస్తూ.

ఆయన గుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు.

"నర్సమ్మ ఒకావిడ వచ్చేది. చిన్న కారు. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ దిగి, నిద్రమొహంతో వచ్చేది. ఎంతంటే అంత ఇచ్చేది, మారు మాట లేదు. ఒకరోజు ఆవిడ పక్క కుర్చీలో పెద్ద బండి ఆసామి కూర్చున్నాడు. బండి నిండా కుక్క బొచ్చు. రబ్బరు గ్లవుజు వేసుకుని సీట్లన్నీ రుద్దీ రుద్దీ తీశాను, రెక్కలు పడిపోయాయి. ఆయనేమో నవ్విస్తూ నవ్విస్తూ నన్ను సగానికి దించాడు. అక్కడితో ఊరుకున్నాడా? 'అడగాలమ్మా, నోరున్నవాడిదే రాజ్యం' అని, తను నాకెంతిచ్చాడో కూడా ఆవిడకి చెప్పాడు. ఆ చిన్న కారుకి నేను చెప్పినదానికంటే తక్కువ!"

"ఆవిడేమంది?"

"నాలుగు తిట్టినా బాగుండేది. నా వంక ఒకసారి చూసింది. చెప్పినంతా చేతిలో పెట్టి వెళ్లింది. మళ్లీ రాలేదు."

ఆ సంగతి తట్టుకోలేక అక్కకి ఫోను చేశాడట. అక్క దర్జీ, ఊరి అవతలి కొసన ఉంటుంది. విన్న మర్నాడే వచ్చి వాలింది.

"ఆవిడ ఊరుకుంటుందా? 'చొక్కా కుట్టుకూలి వేసుకునేవాడి నోటిని బట్టి ఉంటుందట్రా?' అని దులిపేసింది. సబ్బెంత, పాలిషెంత, కరెంటెంత, అద్దెంత అని అన్నీ కక్కించింది. చివర్లో, 'అన్నిటికీ లెక్క కట్టావు, నీ రెక్కలేం పుణ్యానికొచ్చాయా?' అంది. నా రెక్కలకి ధర కట్టాలని నాకెప్పుడూ తోచలేదు తమ్ముడూ."

అక్కాతమ్ముళ్లు పొద్దుగుంకేదాకా కూర్చుని తేల్చారు. కారు పెద్దదా చిన్నదా అని కాదు, ఎంతసేపు ఒళ్లు వంచాలి అన్నదే లెక్క. పిండి కొద్దీ రొట్టె, మురికి కొద్దీ ధర. ఉత్త కడుగుడుకి ఇంత, సీట్లు ఉతికితే ఇంత, మెరుగుకి ఇంత. కుక్క బొచ్చుకి విడిగా ఒక వరస. నర్సమ్మ కారు లాంటిది అన్నిటికంటే కింది ధరలో పడింది.

"బోర్డు పెట్టాక రాబడి నిలకడగా ఉంది. అబద్ధం చెప్పకూడదు. కానీ జనం బోర్డు చదువుతారు, తాళం ఇస్తారు, 'అయ్యాక ఫోన్ చెయ్యి' అంటారు, పోతారు. ఇక కూర్చునే పనేముంది? సాయంత్రానికి నా గొంతు నాకే కొత్తగా ఉంటోంది. మొన్న వాక్యూమ్ మిషన్‌ని మందలించాను. అది నయం, తిరిగి రొద పెడుతుంది."

నవ్వాను. ఆయన నవ్వలేదు.

"పోనీ బోర్డు తీసెయ్యకూడదా?"

హెడ్‌లైటు అద్దం మళ్లీ తుడవసాగాడు. అది అప్పటికే మెరుస్తోంది.

"తీశాను. ఒకరోజు పొద్దున్నే దింపి గోడకి ఆనించాను. కుర్చీలు నాలుగూ దించి వరసగా వేశాను, పెళ్లివారొస్తున్నట్టు. మొట్టమొదట ఎవరొచ్చారనుకున్నావు? నర్సమ్మ. రోజూ ఈ దారినే వెళ్తుందిగా, అంతకుముందే బోర్డు చూసిందట. కారు దిగకుండానే, 'ఇక్కడ ధరల బోర్డు ఉండాలి కదండీ?' అంది."

"మరి?"

"తుడుద్దామని దింపానన్నాను. ఆవిడ ముందే తగిలించాను. పైనుంచి కిందిదాకా చదివింది. తలూపింది. తాళం ఇచ్చి, సాయంత్రం వస్తానని వెళ్లింది. కూర్చోలేదు, మాట్లాడలేదు. కానీ వచ్చింది కదా! ఇక దాన్నెలా దింపను?"

నా కారు పని అయిపోయింది. బోర్డు మీద ఉన్నంతా ఇచ్చాను. ఆయన జేబులో పెట్టుకుని, గేటు దాకా నడిచి, దాన్ని తీయకుండా వెనక్కొచ్చి నా కారు కిటికీ దగ్గర వంగాడు.

"తమ్ముడూ, నాకో సాయం చేసిపెట్టు. ఈసారి వచ్చినప్పుడు బోర్డు చూడకు. 'ఎంతన్నా?' అని నన్నడుగు. నేను చెప్తాను. అన్యాయమను, పగటి దోపిడీ అను, నీ ఇష్టం. ఎంత గింజుకున్నా దమ్మిడీ తగ్గించను, అది ముందే చెప్తున్నా. అయినా సరే, గట్టిగా అడుగు. తీరిక చేసుకుని రా, నీకో కుర్చీ దించి ఉంచుతాను."