బెంగుళూరు గంట ప్రయాణం

హైదరాబాదు నుంచి బెంగుళూరు గంట ప్రయాణమని మా ఆయన అందరికీ చెప్పేవారు. ఆఫీసు వాళ్లు ఆయన్ని అక్కడికి మార్చినప్పుడు నాకూ అదే చెప్పారు. "గంటేగా! నువ్వు బస్సులో కూకట్‌పల్లి వెళ్లి రావడానికి అంతకన్నా ఎక్కువ పడుతుంది." నేను అమీర్‌పేట మైత్రీవనంలో సాఫ్ట్‌వేర్ కోర్సులు చెప్పేదాన్ని. ఆ ఉద్యోగం వదులుకోవడం ఇద్దరికీ ఇష్టం లేదు. సరే, గంటేగా అనుకున్నాను.

మొదట్లో ఆ మాట నిజమే. విమానాశ్రయం అప్పుడు బేగంపేటలో ఉండేది, మధురానగర్‌లో మా అద్దె ఇంటికి కూతవేటు దూరం. శుక్రవారం సాయంత్రం విమానం దిగే మోత వినగానే బియ్యం కడిగి కుక్కర్ పెట్టేదాన్ని. కుక్కర్ చల్లారేలోపు ఆటో గుమ్మం ముందు ఆగేది. కింది వాటాలో ఉండే ఇంటావిడకు ఇదంతా వేడుక. "నీ మియా జహాజ్ వచ్చింది బిడ్డా, జర జల్దీ అన్నం వండు!" అని మెట్ల దగ్గర నుంచి కేకేసేది. అంతమందిని మోసుకొచ్చే విమానం ఆమె లెక్కలో మా ఆయనది. నా లెక్కలోనూ అంతే.

ఆ తర్వాత విమానాశ్రయం శంషాబాద్‌కు పోయింది. గోరుచుట్టుపై రోకటిపోటులా, అదే వేసవిలో బెంగుళూరు వాళ్లూ తమది ఊరి బయటికి మార్చుకున్నారు. ఆకాశంలో ప్రయాణం ఇంకా గంటే. కింద మాత్రం అటూ ఇటూ కలిపి సగం పూట ట్రాఫిక్‌లోనే. ఆయన రెండు వారాలకోసారి రావడం మొదలుపెట్టారు, తర్వాత నెలకోసారి. "నీకు అర్థం కాదేంటి? రావడానికే ఓపిక అయిపోతోంది" అనేవారు. అర్థమయ్యేది. అర్థమైనంత మాత్రాన దిగులు తగ్గుతుందా? అమీర్‌పేటలో భుజాలు రాసుకుంటూ నడిచేంత జనం. నాతో కూర్చుని రాత్రి ఒక ముద్ద తినేవాళ్లు మాత్రం లేరు.

ఒక శుక్రవారం ఆయన వస్తానని చెప్పలేదు. అయినా సాయంత్రం విమానం మోత వినబడింది. ఆలోచించకుండా ఇద్దరికి బియ్యం కడిగి పెట్టేశాను. కుక్కర్ కూత వేశాక గుర్తొచ్చింది, బేగంపేటలో ఇప్పుడు మంత్రుల విమానాలు, అలాంటివే దిగుతాయని. నా తెలివి తెల్లారినట్టే ఉంది. ఇంటావిడకు నవ్వుతూ చెబుదామని కిందికి వెళ్లి, చెప్పబోయి ఏడ్చేశాను.

ఆమె నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. "గింత ఫికర్ ఎందుకమ్మా? ఆయన రాకుంటే నువ్వే పో. మీ ఆయన ఒక్కడికేనా జహాజ్?" అంది.

నిజమే, నేనెప్పుడూ విమానం ఎక్కలేదు. సెలవు పెట్టి, వస్తున్నానని ఫోన్లో ఒక్క మాట చెప్పి బయలుదేరాను. పాఠాలు చెప్పుకునే చోట్లు అక్కడా ఉంటాయి, ఇక ఆయన దగ్గరే ఉండిపోదామని మనసులో అనుకున్నాను. ఆ సంగతి ఎదురుగా చెప్పి ఆయన మొహం చూడాలని ఆశ. నిజంగానే గంటలో దింపేశారు.

ఆయన బయట నిలబడి ఉన్నారు, కాస్త చిక్కారు. నా చేతిలోంచి బ్యాగు అందుకుని, "రిటర్న్ టికెట్ ఎప్పటికి బుక్ చేశావు?" అన్నారు.

"చేయలేదు" అన్నాను.

ఆయన టాక్సీల వరుస వైపు చూస్తూ, "సోమవారం పొద్దుటి ఫ్లైట్‌లో సీట్లుంటాయిలే" అన్నారు.