గేటు దగ్గర ఆగిపోయిన మాట

జూన్ నెల. మా అమ్మాయి స్కూలు నుంచి కొత్త యూనిఫాం ప్యాకెట్టు తెచ్చి మంచం మీద విప్పింది. గదంతా కొత్త గుడ్డ వాసన కమ్ముకుంది. గంజి, మిషను నూనె, ఇస్త్రీ వేడి కలిసిన వాసన అది. పిల్ల ఆ చొక్కా తొడుక్కుని అద్దం ముందు నిలబడగానే, "చెయ్యి పైకెత్తు" అన్నాను. "ఎందుకమ్మా?" అంది. "ఎత్తమన్నానుగా, ఎత్తు" అన్నాను. ఎత్తింది. చంక కింద గుడ్డ ఎక్కడా పట్టలేదు. అప్పటిగ్గానీ నా మనసు కుదుటపడలేదు. కొత్త బట్టలు వేసుకున్న పిల్లని ముద్దుపెట్టుకోవడం మానేసి చెయ్యెత్తించే తల్లిని రేపల్లె మొత్తానికి నేనొక్కదాన్నే అయ్యుంటాను. ఈ పిచ్చి నాకు బాపట్లలో పట్టుకుంది, సుగుణ టీచరు గారి దగ్గర.

టీచరు గారంటే నాకు పాఠాలు చెప్పిన మనిషి కాదు. నా మొదటి ఉద్యోగంలో యజమాని. చాలా ఏళ్ళు బళ్ళో పనిచేసి, ఇక హాయిగా పింఛను కోసం ఎదురుచూడాల్సిన వయసులో ఆ ఉద్యోగం వదిలేసి, పిల్లల యూనిఫాంలు కుట్టే చిన్న కంపెనీ పెట్టారు. ఇంట్లోవాళ్ళూ, చర్చిలో పెద్దలూ నెత్తీనోరూ కొట్టుకున్నా వినలేదట. ఉద్యోగం మానేసినా ఊరు మాత్రం ఆవిణ్ణి టీచరు గారనే పిలిచేది, మేమూ అలాగే పిలిచేవాళ్ళం. సన్నంచు నేత చీర, మెళ్ళో గొలుసుకి వేలాడే కళ్ళజోడు, చేతిలో టేపు. పొట్టి మనిషే అయినా ఆవిడ షెడ్డులోకి అడుగుపెడితే మిషన్ల చప్పుడు పెరిగేది. నేను ఎంబీయే పూర్తిచేసి, తెనాలి నుంచి రోజూ రైల్లో వెళ్ళి అక్కడ పనిచేసేదాన్ని. వ్యాపారం గురించి నాకు అన్నీ తెలుసనే ధీమా ఉండేది. ఆ ధీమా చూసి ఆవిడ నవ్వుకునేవారని తర్వాత తెలిసింది.

చేరిన కొత్తలో, మా యూనిఫాంలు ఎలా ఉన్నాయో స్కూళ్ళలో కనుక్కురమ్మని నన్ను పంపారు. ఎండలో తిరిగి తిరిగి వచ్చి, "అందరూ చాలా బాగున్నాయంటున్నారండి" అని సంబరంగా చెప్పాను. ఆవిడ కళ్ళజోడు దించి నా వంక చూశారు. "మంచినీళ్ళు ఇచ్చారా?" అని అడిగారు. ఇచ్చారన్నాను. "కాఫీ?" అదీ ఇచ్చారన్నాను. "మరి ఇంటికొచ్చిన ఆడపిల్లని కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, నీ గుడ్డ బాగాలేదమ్మాయ్ అని ఎవరంటారే? మన వైపు అట్లా అనే మనిషి ఇంకా పుట్టలేదు. సరే, మరి మానేసినవాళ్ళ దగ్గరికి వెళ్ళావా?" అన్నారు. మానేసినవాళ్ళ దగ్గరికి వెళ్ళాలన్న ఆలోచనే నాకు రాలేదు. మన దగ్గర కొనడం మానేసినవాళ్ళ మొహం ఎవరు మాత్రం చూడాలనుకుంటారు?

ఆ శనివారం ఆవిడ నన్ను వెంటబెట్టుకుని కారంచేడు దారిలో ఉన్న ఒక చిన్న ప్రైవేటు స్కూలుకి తీసుకెళ్ళారు. అంతకు ముందు ఏడు మా దగ్గర కుట్టించుకుని, ఆ ఏడు మానేసిన స్కూలది. హెడ్మిస్ట్రెస్ ఇల్లు ఆ ఆవరణలోనే ఉంది. ఆవిడ మమ్మల్ని ఎంతో ఆదరంగా కూర్చోబెట్టి, జంతికలు పెట్టి, "మీ గుడ్డకి వంక పెట్టడానికేముందండి, మా మేనేజ్‌మెంటు వాళ్ళే ఏదో మార్చారండి" అంది. టీచరు గారు వ్యాపారం సంగతి ఎత్తనే లేదు. వాళ్ళ పిల్లల చదువులూ, మోకాళ్ళ నొప్పులూ మాట్లాడారు. ఉన్నట్టుండి "వస్తామండి" అని లేచారు. ఇంతోటి దానికి బస్సు ఛార్జీలు దండగని నేను లోపల విసుక్కున్నాను. హెడ్మిస్ట్రెస్ మమ్మల్ని సాగనంపడానికి గేటు దాకా వచ్చింది. టీచరు గారు చెప్పుల పట్టీ సర్దుకుంటూ, గోడ పక్క మల్లెతీగ గురించి అడుగుతూ, గేటు మీద చెయ్యి వేసి నిలబడిపోయారు. అప్పుడు హెడ్మిస్ట్రెస్ గొంతు తగ్గించి, "ఏమీ అనుకోకండి టీచరు గారూ, చొక్కాలు చంక దగ్గర బాగా బిగుతండి. మా పిల్లలు జవాబు తెలిసినా క్లాసులో చెయ్యెత్తడం మానేశారు" అంది.

టీచరు గారు ఒక్క ముక్క సమర్థించుకోలేదు. "చెప్పి ఎంత మేలు చేశారండి" అని ఆవిడ చేతులు పట్టుకున్నారు. బస్సులో కూర్చున్నాక నాతో అన్నారు: "మన వాళ్ళు కాఫీ ఇచ్చిన చేత్తో తప్పు చూపించలేరమ్మా. మనిషి వెళ్ళిపోతుందనేటప్పుడే వాళ్ళకి నోరొస్తుంది. అందుకని తొందరగా లేవాలి, నిదానంగా వెళ్ళాలి." మర్నాడు ఆదివారమైనా, చర్చి నుంచి తిన్నగా షెడ్డుకి వచ్చి కత్తిరింపు మార్పించారు. తరవాతి ఏడు ఆ స్కూలు మళ్ళీ మా దగ్గరికొచ్చింది. అక్కడున్న రోజుల్లో నేను నేర్చుకున్నదంతా ఇంచుమించు ఇదే. ఏ ఊరు వెళ్ళినా, ఏ ఇంటికి వెళ్ళినా, అసలు సంగతి గేటు దగ్గరే తెలిసేది. ఆవిడ ఇంకో మాట కూడా అంటుండేవారు. "చుట్టాలు కొంటే అది వ్యాపారం కాదమ్మాయ్, పెళ్ళి చదివింపులు. ఒకసారే వస్తాయి." నేను పకపకా నవ్వేదాన్ని. నా నెత్తిమీదికి వచ్చేదాకా అది నవ్వులాటే.

కొన్నాళ్ళకి నేను అక్కడ మానేసి సొంతంగా కంపెనీ పెట్టాను. పొద్దున్నే రేపల్లె వైపు నుంచి చేపలు తెప్పించి, శుభ్రం చేసి, ముక్కలు కోసి, అందమైన ప్యాకెట్లలో తెనాలి ఇళ్ళకి పంపడం. పెద్ద ఊళ్ళలో అలా అమ్మడం చూసి వచ్చి, ఇక్కడా అదే పద్ధతి పెట్టాం. మా ఆయన రవి తన ఉద్యోగం వదిలి నాతో దిగాడు. ఇది పోతే ఇద్దరికీ వేరే ఆధారం లేదు. ముందుగా మా పిన్నులకీ, అత్తయ్యలకీ, రవి వైపు వాళ్ళకీ ప్యాకెట్లు పంపి ఎలా ఉందని అడిగితే, అందరూ ఒకటే పొగడ్త. "పొలుసు గీకే బాధ తప్పించావే తల్లీ" అంది మా పిన్ని. ఆ పొగడ్తలకి నేల మీద కాలు నిలవలేదు నాకు.

ప్రారంభం రోజున టీచరు గారు బాపట్ల నుంచి రైల్లో వచ్చారు. అప్పటికే బాగా పెద్దవారైపోయారు, మెట్లెక్కడానికి గోడ పట్టుకున్నారు. మా కోసం చిన్న ప్రార్థన చేశారు. ఒక ప్యాకెట్టు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. ఇల్లంతా కిటకిటలాడుతున్న మా చుట్టాల్ని చూశారు. రెండు ముద్దలు తిని, తొందరగా లేచారు. నేను గేటు దాకా వెళ్ళాను. ఆవిడ గేటు మీద చెయ్యి వేసి నిలబడి, "విజయా, ఒక మాటమ్మా" అన్నారు. "ఏంటండి?" అన్నాను. ఈలోపు లోపలి నుంచి రవి, "ఫొటోకి అందరూ ఎదురుచూస్తున్నారు, రా" అని కేకేశాడు. టీచరు గారు నా మొహంలోకి చూశారు. వెలిగిపోతూ ఉండి ఉంటుంది నా మొహం. "ఏం లేదులే. మంచి రోజు, ఇవాళ వద్దు. తర్వాత మాట్లాడుకుందాం, వెళ్ళు" అని ఆటో ఎక్కేశారు. నేను ఫొటోలోకి పరిగెత్తాను. ఆ ఫొటోలో అందరం బ్రహ్మాండంగా నవ్వుతున్నాం.

మొదటి కొన్ని నెలలు బాగానే నడిచింది. ఆ తర్వాత ఆర్డర్లు ఒక్కొక్కటే జారిపోయాయి. మానేసినవాళ్ళ గేటు దగ్గరికి వెళ్ళాలని నాకు తెలియక కాదు. మానేసినవాళ్ళు మా వాళ్ళే అయిపోయారు. బయటివాళ్ళనైతే అడుగుతాం, సొంత పిన్నిని నా చేపలెందుకు కొనట్లేదని ఏ మొహం పెట్టుకుని అడగను? పెళ్ళిళ్ళలో కనిపిస్తే, "నీ చేపలే చేపలే అమ్మాయ్" అని ఇంకా పొగుడుతూనే ఉండేది. ఒకరోజు మార్కెట్లో ఎదురుపడింది. చేతిసంచీలోంచి చేప తోక బయటికి కనిపిస్తోంది. గభాలున సంచీని చీర కుచ్చెళ్ళ వెనక్కి నెట్టుకుంది. నేను చూడనట్టు నటించాను, ఆవిడ నేను చూడలేదని నమ్మినట్టు నటించింది. ఇద్దరం ఎండల గురించి కాసేపు మాట్లాడుకున్నాం.

ఇక లాభం లేదు, టీచరు గారినే అడుగుదామనుకుంటుండగా, ఆవిడకి పక్షవాతం వచ్చి మాట పడిపోయిందని కబురొచ్చింది. పరుగున బాపట్ల వెళ్ళాను. చక్రాల కుర్చీలో చిన్నపిల్లలా ఉన్నారు. కూతురు శాంతి కాఫీ ఇచ్చింది. నేను పక్కన కూర్చుని నా కష్టమంతా చెప్పుకున్నాను. ఆవిడ కళ్ళతోనే విన్నారు. వస్తానని లేవగానే, బాగున్న చేత్తో వాకిలి వైపు చూపించారు. శాంతికి అర్థం కాలేదు, నాకు అర్థమైంది. కుర్చీ గేటు దాకా తోశాం. ఆవిడ గేటు ఊచ పట్టుకుని, నా వంక చూస్తూ నోరు కదిపారు. శబ్దం వస్తోంది గానీ మాట రావడం లేదు. మళ్ళీ ప్రయత్నించారు. మళ్ళీ. మెడ నరాలు పొంగాయి, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. చూడలేకపోయాను. "అర్థమైందండి టీచరు గారూ, అర్థమైంది" అన్నాను. ఆవిడ ఆగిపోయారు. నా వంక అలా చూసి, మెల్లగా తల దించుకున్నారు. జీవితమంతా మన వాళ్ళ మొహమాటం మాటల్ని వడగట్టిన మనిషికి నా మాట ఏపాటిదో తెలియకుండా ఉంటుందా? ఆవిడతో నేను అన్న చివరి మాట అదే.

తెనాలిలో రైలు దిగి తిన్నగా పిన్ని ఇంటికి వెళ్ళాను. ఇంట్లో ఏమీ అడగలేదు. గేటు దగ్గర మాత్రం ఆవిడ చెయ్యి పట్టుకుని ఏడ్చేశాను. పిన్ని కూడా ఏడుస్తూ చెప్పింది. "మొప్ప ఎత్తి ఎర్రగా ఉందో లేదో చూసుకోకుండా చేప ఎట్లా కొంటామే? పైగా తలకాయలు తీసేసి పంపిస్తివి. తలకాయ లేంది పులుసేంటి? మీ బాబాయి మొదటిరోజే కంచం ముందు నుంచి లేచిపోయాడు. నువ్వు చిన్నబుచ్చుకుంటావని ఎవరం నోరెత్తలేదమ్మా." ఈ మాత్రం నాకు తెలియదా? మా అమ్మ మొప్ప ఎత్తకుండా చేప కొన్న రోజు లేదు, మా ఇంట్లో తలకాయ కోసం మేం పిల్లలం కొట్టుకునేవాళ్ళం. అప్పటికే ఆలస్యమైపోయింది. ఆ నెలాఖరుకి షట్టరు దించేశాం.

టీచరు గారు ఆ చలికాలం దాటలేదు. సమాధుల తోట నుంచి వచ్చాక శాంతి నాతో అంది, "మీ ప్రారంభం రోజు ఇంటికొచ్చి అమ్మ సరిగ్గా అన్నం తినలేదండి. ఆ పిల్ల మొహం చూసి చెప్పలేకపోయానే అంది. ఏంటమ్మా అంటే నాక్కూడా చెప్పలేదు." ఆవిడ చెప్పాలనుకున్నది తలకాయల సంగతేనా, చుట్టాల సంగతా, అసలు రవి ఉద్యోగం మానకుండా ఉండాల్సిందనా? నాకు ఎప్పటికీ తెలియదు. అందరి మొహమాటాన్నీ దాటించిన మనిషి, నా దగ్గరికొచ్చేసరికి తనదే దాటలేకపోయారు. నేనంటే అంత ఇష్టం ఆవిడకి. ఆ ఇష్టాన్ని తలుచుకుంటే ఇప్పటికీ ఏడుపొస్తుంది, కోపమూ వస్తుంది.

ఇప్పుడు రవీ నేనూ రేపల్లెలో మళ్ళీ మొదలుపెట్టాం, చిన్నగా. చేపల బండి ఇంటింటి ముందూ ఆగుతుంది. చేపని కొనేవాళ్ళే మొప్పెత్తి చూసుకుంటారు, వాళ్ళ కళ్ళముందే కోసి ఇస్తాం. నడుస్తోంది. కొత్తగా వ్యాపారం పెట్టేవాళ్ళు అప్పుడప్పుడు నా దగ్గరికి సలహాకి వస్తుంటారు. మొన్న పెనుమూడి నుంచి ఒకమ్మాయి వచ్చింది, కళ్ళనిండా వెలుగుతో. ఆ పిల్ల చెప్పింది పూర్తిగా విని, అందులో ఏది నడవదో ఆ కుర్చీలోనే చెప్పేశాను. మొహం మాడిపోయింది. కాఫీ ముట్టుకోలేదు. గుమ్మం దాకా వెళ్ళినా వెనక్కి తిరిగి చూడలేదు. నాకు నోటిదురుసని ఊళ్ళో పేరు వచ్చింది, నిజమే కాబోలు. ఆ పిల్ల వెళ్ళాక చాలాసేపు మనసు పాడైపోయి కూర్చున్నాను. ఆ రోజు టీచరు గారు నన్ను కూడా ఇలాగే ఏడిపించి పంపి ఉంటే ఎంత బాగుండేది.