మా బావ చేసిన వాగ్దాన కార్డు

మా బావ గిద్యోను పత్తాలతో గారడీ చేస్తాడు. పత్తాలంటే పేకముక్కలు. బీదర్‌లోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ పుట్టినరోజులకు, బడుల్లో వార్షికోత్సవాలకు ఆయన్ని పిలుస్తారు. ఎర్ర ఆఠీను ఆసును రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, దాని మీదుగా అరచేతిని ఒక్కసారి దాటిస్తాడు. చూస్తుండగానే అది నల్ల ఇస్పేటు రాజు అయిపోతుంది. దుకాణంలో కొన్న ముక్కలతో అది జరిగే పని కాదు. ముక్కను నీళ్ళలో నానబెట్టి, పొరలుగా ఒలిచి, ఇంకో ముక్క పొరతో అతికించి, మధ్యలో వెంట్రుకంత సన్నటి, సాగే దారం పెట్టి ఆయనే తయారు చేసుకుంటాడు. ఒక్కో ముక్కకు రెండు రోజులు పడుతుంది.

నేను ఎజ్రాను, ఆయన బామ్మర్దిని. బళ్ళో కన్నడం చదివాను, ఆటోలో ఉర్దూ మాట్లాడతాను, ఇంట్లో, చర్చిలో తెలుగు. బావను ప్రోగ్రాములకు తీసుకెళ్ళేది నా ఆటోలోనే కాబట్టి ఆయన్ని తిట్టే హక్కు నాకుంది. ఇరవై ఏడేళ్ళుగా తిడుతూనే ఉన్నాను. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అన్నట్టు బతికిన మనిషి. ఈ మధ్య ఆ పల్లకీ కూడా పోయింది. మొన్న నవంబరులో చిట్గుప్పలో ఒక పుట్టినరోజుకు వెళ్తే, పిల్లలంతా ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. ముక్క రంగు మారగానే ఒక పిల్ల వీడియోను మెల్లగా తిప్పి చూసి, "దారం ఉంది, దారం!" అని అరిచింది. బావ నవ్వి, దండం పెట్టి, ఇంకో ముక్క తీశాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో, "సాలైంది రా ఎజ్రా. ఇగ నాతోని అయితలేదు అనిపిస్తుంది" అన్నాడు.

"సాలైతే బంద్ జెయ్యి బావా. ఎవడు పట్టుకున్నడు నిన్ను?" అని కసురుకున్నాను.

పట్టుకున్నది ఏమిటో నాకు తెలియక కాదు. ఆయన భార్య రిబ్కా, అంటే మా అక్క, కిడ్నీలు రెండూ పాడై మూడేళ్ళయింది. మంగళవారం ఒకసారి, శుక్రవారం ఒకసారి డయాలసిస్. సూదులు గుచ్చీ గుచ్చీ ఎడమ చెయ్యి గడ్డలు కట్టింది. తీసుకెళ్ళీ తీసుకొచ్చీ మేమే ఇంత అలసిపోతే, పడుకున్న మనిషి సంగతి చెప్పాలా?

అక్కకు మిగిలిన ఆసరా ఒక్కటే, జనవరి ఒకటిన తీసే వాగ్దాన కార్డు. మా సంఘంలో ఆ రోజు పొద్దుటి ఆరాధన కాగానే, బైబిలు మాటలు రాసిన కార్డులను పళ్ళెంలో బోర్లా పేర్చి పెడతారు. ఒక్కొక్కరూ ప్రార్థన చేసుకుని ఒకటి తీస్తారు. చేతికి ఏది వస్తే అదే ఆ ఏడాదికి దేవుడు తనతో చెప్పిన మాట. నచ్చలేదని మార్చుకోవడం ఉండదు. అక్కకు వరసగా రెండేళ్ళు ఓర్పు గురించే వచ్చింది.

డిసెంబరులో ఆసుపత్రి నుంచి వస్తూ అంది: "ఈపారి గూడ ఓపిక పట్టుమనే వస్తే ఇగ నేను ఆస్పత్రికి రాను. సూదులు సాలు. దేవునికే నా మీద మనసు లేకపోతే నేనెందుకు గుంజులాడాలె?"

నాకు ఒళ్ళు మండింది. "కార్డు జూసి పానం తీసుకుంటవా అక్కా? మతి ఉన్నదా?" అన్నాను.

పక్కన కూర్చున్న బావ అక్క ఎడమ చేతిని తన ఒళ్ళోకి తీసుకున్నాడు. అక్క అన్నదంటే అన్నట్టే చేస్తుందని మా ఇద్దరికీ తెలుసు.

ఆ కార్డులు కోసి, రాసి ఇచ్చేది ఏటా బావే. ఆయన చేతిరాత ముత్యాలు పేర్చినట్టు ఉంటుంది. కానీ పళ్ళెం మాత్రం ఆయన ముట్టకూడదు. "పత్తాలు కలిపే చెయ్యి దేవుని పళ్ళెం మీద వద్దయ్యా" అని సంఘ పెద్ద జయానందంగారు ఎప్పుడో అన్నారు. బావ దానికి నొచ్చుకోలేదు. ఆయన కూడా చర్చి గడప లోపల ఏనాడూ గారడీ చేసి ఎరగడు.

ఈ ఏడాది అక్క ముందుకు నడవలేక తలుపు దగ్గర కుర్చీలో కూర్చుంది. జయానందంగారికేమో మోకాళ్ళ నొప్పులు. అందరూ తీసుకున్నాక పళ్ళెం బావ చేతికిచ్చి, "తీస్కపో గిద్యోనయ్యా, మీ ఇంటామెతోని తీపియ్యి" అన్నారు.

పదిహేను అడుగుల దూరం. నేను చివరి వరసలో ఉన్నాను. బావ చొక్కా చేతిలోంచి ఒక కార్డు పళ్ళెంలోకి జారడం, అంచు లోపల ఆయన చూపుడు వేలు కదలడం చూశాను. ప్రోగ్రాముల్లో వందలసార్లు చూసిన కదలిక అది. ఎదుటివాళ్ళ చేత ఏ ముక్క తీయించాలో దాన్ని రెండు పొరలు అతికించి కాస్త మందంగా చేసుకుంటాడు. కళ్ళతో వెతకక్కర్లేదు, వేలికి తగులుతుంది. అక్క కళ్ళు మూసుకుని చెయ్యి చాచింది. చెయ్యి ఎటు వస్తే అటే ఆ కార్డు జరిగింది. ఎవరికీ తెలియనివ్వొద్దు దేవుడా అని, ఆయన ఇంట్లోనే కూర్చుని ఆయన్నే వేడుకున్నాను.

ఆరోగ్యం తిరిగి ఇస్తాననీ గాయాలు మాన్పుతాననీ దేవుడు చెప్పే మాట వచ్చింది. చుట్టూ ఆడవాళ్ళు "స్తోత్రం! స్తోత్రం!" అన్నారు. అక్క కార్డు మీద బొటనవేలు ఒకసారి రాసి, బైబిల్లో పెట్టుకుంది. బావ తేలు కుట్టిన దొంగలాగా పళ్ళెం తీసుకెళ్ళి ఇచ్చేశాడు.

ఇంటికి వచ్చి ముగ్గురం అన్నం తిన్నాం. చేతులు కడుక్కోగానే అక్క కార్డు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది అతికిచ్చిన కార్డు."

బావ ముఖం తిప్పుకున్నాడు.

"ఇరవై ఏడేండ్ల సంది నువ్వు అతికిచ్చిన పత్తాల మీద ఇస్త్రీ పెట్టె ఒత్తింది నేనే. నా యేలికి తెల్వదా?"

"నువ్వు ఆస్పత్రికి రానంటివి గద రిబ్కా."

"అంటి. అందుకని దేవుని మాట మారుస్తవా?"

నేను మధ్యలో దూరాను. "ఏందక్కా, నీ మంచికే గద చేసిండు!"

"నువ్వు ఊకో రా." గొంతు పెంచలేదు, పెంచే ఓపిక ఆమెకు లేదు. బావ వైపు తిరిగింది. "దేవుడు నాకేం జెప్పాలనుకున్నడో ఇగ ఏడాదంత నాకు తెల్వదు. దేవుడిచ్చిన మాటైతే, నెరవేరకపోతే ఆయన్నే అడిగేదాన్ని. కొట్లాడేదాన్ని. ఇది నువ్విచ్చినవ్. నిన్నేమని అడగాలె? నయం జేస్తవా?"

ఏదో ఒకటి చెప్పి నవ్వించి తప్పించుకోవడమే బావ బతుకుతెరువు. ఆ రోజు చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు పాపం. "నాతోని గాదు, రిబ్కా" అన్నాడు. అని ఏడ్చాడు. ఆయన ఏడవగా చూడటం నాకదే మొదలు. తిట్టడం మాని నీళ్ళ గ్లాసు ఆయన ముందు పెట్టాను.

అక్క కొంగుతో ఆయన ముఖం తుడిచింది.

"తెలుసు. గాదని తెలిసి గూడ జేసినవ్" అంది.

కొంగు సర్దుకుని, నా వైపు తిరిగింది.

"రేపు శుక్రారం గద, ఆటో ఎన్నింటికి తెస్తవ్ రా?"

"ఎనిమిదింటికి" అన్నాను.

"ఏడున్నరకే తే. ఆలిశెమైతే ఆస్పత్రిల మంచం దొరకది" అంది.