ఏటి అడుగున పద్నాలుగు గుంటలు

కాకినాడలో మా వీధికి బుధవారాలు పీతలు తెచ్చే ఆవిడ బుట్ట దించగానే, డెక్కలకంటిన నల్లబురద వాసనకు నా చేతిలో పెన్ను ఆగిపోతుంది. ఉప్పూ, కుళ్ళిన ఆకూ, కాస్త ఇనుమూ కలిసిన ఆ వాసన మా ఊరి ఉప్పుటేటిది. నా పన్నెండో ఏట, దసరా సెలవుల్లో మూడోనాడు, మధ్యాహ్నం మూడున్నరకు, గడ్డం లోతు నీళ్ళలో నిలబడి పీల్చినది.

సముద్రానికి మూడు మైళ్ళలో ఉన్న మా ఊళ్ళో ఏరు రోజుకు రెండుసార్లు దిశ మార్చుకునేది: పోటుకు ఊరివైపు ఎగదన్ని, పాటుకు సముద్రంలోకి జారేది. ఆ వేళలు రోజూ ముప్పావుగంటకు పైగా జరుగుతాయి గనుక, తాతయ్య పొద్దుటి కాఫీ గ్లాసు కింద పెట్టగానే వాటిని అరుగు గోడమీద బొగ్గుతో రాసేవాడు. వేళా తిథీ రాసిపెట్టుకునే నా అలవాటు ఆ గోడనుంచి వచ్చిందే. ఇళ్ళన్నీ పులిహోర పోపుతో, ఉడికే శనగలతో ఘుమఘుమలాడుతుంటే, ఆడపిల్లలం చింతపిక్కలు ఒడిలో పోసుకుని రేవుకు పరుగెత్తేవాళ్ళం. ఇంట్లో ఓమనగుంటల పీట ఉన్నా మాకు అక్కర్లేదు. పాటు అడుగంటాక చివరిమెట్టు కింద తేలే చిక్కటి బురదలో మడమతో ఏడూ ఏడూ పద్నాలుగు గుంటలు నొక్కుకుని ఆడితేనే ఆట. అందులో దిగితే కాళ్ళు విరగ్గొడతామని ప్రతి ఇంటా హెచ్చరిక. అంతకు ముందటి ఏడు ఒక గేదె అక్కడ దిగబడి, పోటు వచ్చేదాకా అరిచి అరిచి, ఆపైన ఆగిపోయింది.

ఆ రోజు ఇంట్లో పనిపడి నేను వెళ్ళలేదు. వెళ్ళినవాళ్ళు కిరాణాకొట్టువారి సుశీల, బడిపంతులుగారి అమ్మాయి మార్త, సుశీల వెంట ఐదేళ్ళ తమ్ముడు బుజ్జి. మూడు గంటలకు బుజ్జి లేడని, రేవులో కట్టిన దోనె కూడా లేదని ఊరంతా గుప్పుమంది. ఆటలో ఇద్దరూ దెబ్బలాడుకున్నారనీ, ఆ గొడవలో తాడు ఊడిందనీ, దోనెలో ఉన్న బుజ్జి కొట్టుకుపోయాడనీ, భయపడి ఎవరికీ చెప్పకుండా గట్టంతా వెతికారనీ మాత్రం తేలింది. మిగతాదంతా ఎవరి మాట వారిదే.

"పై మెట్టుమీదే ఆడాం నాన్నా, పొద్దున్న! నీళ్ళింకా మెట్లమీదే ఉంటే దిగడానికి బురదెక్కడుంది? పిక్కలు దాచేశావన్నానని ఇదే తాడిప్పేసింది," అంది సుశీల.

"అబద్ధమండి! మజ్జాన్నం, కింద బురదలో ఆడామండి. తాడు నేను ముట్టుకోలేదండి," అని మార్త వెక్కింది.

"పంతులుగారి పెంపకం బానే ఉందండి," అన్నాడు సుశీల తండ్రి. మార్త తండ్రి తల వంచుకున్నారు.

కొట్టువారి మాటకే బలం ఎక్కువ. పొద్దుటి పాటుకైతే దోనె సముద్రంలోకే పోయుండాలి; ఊళ్ళో ఉన్న రెండు పడవలూ ఆ వైపే వెళ్ళిపోయాయి.

నాకు ఇద్దరూ స్నేహితులే. ఎవరినీ ఏమీ అడక్కుండా రేవులో దిగాను. పోటు అప్పటికే సగం మెట్లెక్కింది. చివరి మెట్టు దాటి పాదంతో తడిమాను: ఒక గుంట. దాని పక్కన ఇంకొకటి. తొమ్మిదిదాకా లెక్కపెట్టాను, ఆపైన నీళ్ళు గడ్డానికి తగిలాయి. నిన్నటి గుంటలైతే ఈపాటికి పూడిపోయేవి.

పరుగెత్తుకెళ్ళి చెబితే తాతయ్య గోడకేసి చూశాడు: 'పాటు ఆఖరు పన్నెండుంబావు'. బురద తేలేది ఆ వేళకే. ఆ తర్వాత కదిలిన దోనె ఎగువకే పోవాలి.

"పంతులుగారూ, సైకిలు తియ్యండి! పిల్లాడు తూము దగ్గరుంటాడు," అని తాతయ్య అరుగుమీదనుంచే కేకేశాడు.

ఎగువన ఏటికి అడ్డంగా పాత తూము. దోనె దాని కమాను కింద ఇరుక్కుని ఉంది. పోటు దాన్ని నెమ్మదిగా పైకెత్తుతోంది. దోనె అంచుకూ పైనున్న రాతికీ మధ్య బెత్తెడు సందు మిగిలిందట. పోటు నిండడానికి ఇంకా రెండు గంటలుంది. పంతులుగారు దూకి, అంచును బలంగా నీళ్ళలోకి అణచి, దోనె నిండుతుండగానే పిల్లాణ్ణి జబ్బపట్టి లాగారు.

కొట్టు ముందుకు చేరాక, ఆయన భుజంమీదనుంచే బుజ్జి అందరూ వినేలా చెప్పాడు: "మార్తక్క కాదండి. దోనెమీదే మా ఇంటి దొడ్డిదాకా వెళ్ళిపోదామని అక్కే తాడిప్పింది. మళ్ళీ తిట్టడానికి వెనక్కెళ్ళింది."

సుశీల తండ్రి ఎవరి ముఖంకేసీ చూడకుండా పిల్లాణ్ణి అందుకుని కొట్టు తలుపు వేసుకున్నాడు. వేసేలోగా సుశీల నా చెయ్యి పట్టుకుని గుసగుసలాడింది: "బురదలో దిగామని మా నాన్నకి చెప్పేశావా ఏంటే?"

తాడు నేరం మార్తమీదకు తెలిసే నెట్టింది. పై మెట్టన్న మాట మాత్రం ఒట్టి దెబ్బల భయంతో చెప్పింది. ఆ చిన్న అబద్ధమే పడవల్ని సముద్రంవైపు పంపిందని ఆమెకు అప్పటికీ తట్టలేదు. నెల తిరక్కముందే పంతులుగారు బదిలీ చేయించుకుని వెళ్ళిపోయారు. క్షమించమని వారి గడప తొక్కినవారు లేరు.

మొన్న పాలకొల్లులో బుజ్జి కూతురి పెళ్ళికి వెళ్ళాను. విస్తళ్ళ ముందు కూర్చున్న మనవలకు సుశీల ఆ కథే చెబుతోంది: "ఆ మార్త తాడిప్పేస్తే, మీ చిన్నతాత సముద్రందాకా కొట్టుకుపోయాడర్రా!"

పక్కనే నిలబడ్డ బుజ్జి నవ్వుతూ తల ఊపాడు. నేను నివ్వెరపోయి చూస్తే, "నాకేం గుర్తులేదండి, అక్క చెప్పిందే," అన్నాడు.

తిరుగు దారిలో మా ఊళ్ళో దిగాను. తాతయ్య అరుగు లేదు, బొగ్గు రాతల గోడ లేదు, చింతపిక్కలు ఏరుకునే పిల్లలు లేరు. రేవున్న చోట గట్టు కోసుకుపోయింది. రొయ్యల చెరువుల నీళ్ళు నురగలు కక్కుతూ అక్కడే పడుతున్నాయి. చెప్పులు విప్పి అంచుదాకా వెళ్ళాను. కాలు పెట్టి తడుముదామంటే మెట్లు లేవు.