వరస కలిసేదాకా

శుక్రవారం. తెల్లవారుతూ మంచు, పొద్దెక్కాక నీరెండ. గూట్లో పాత ఊక తీసి కొత్త ఊక పరిచాను.

రెండు నెలల కిందట ఇదే పనిలో ఉండగా గోడ అవతలి అత్త పోయిన కబురు తెలిసింది. మా ఆవిడ పెరటి గుమ్మంలోకి వచ్చి, "పెద్దమ్మ ఎలిపోయిందయ్యా, నిద్దట్లోనే" అంది. నా చేతిలో ఊక తట్ట అలాగే ఉండిపోయింది. గోడ అవతల ఆమె కోళ్ళు మేత కోసం అరుస్తున్నాయి. అవి అంతసేపు అరవగా నేనెప్పుడూ వినలేదు. ఆమె ఉండగా వాటికి అరవాల్సిన అవసరం రాలేదు.

ఆ కోళ్ళు ఇప్పుడు నా పెరట్లో ఉన్నాయి. ఈ సాయంత్రం వాటిని నా కోళ్ళతో కలపాలి. కలుస్తాయో లేదో తెలియదు. పొద్దుటి నుంచి అదే ఆలోచన. ఆ ఆలోచనలోనే ఆమె గురించి నాలుగు మాటలు రాయాలనిపించింది. నేను ఇనప సామాన్ల కొట్టులో లెక్కలు రాసేవాణ్ణి. ఆ రాతైనా బడిలో వచ్చింది కాదు, పాత రసీదులు చూసి నేర్చుకున్నది. అందుకని జరిగింది జరిగినట్టే రాస్తాను.

ఆమె నాకు చుట్టం కాదు. అరసవల్లి గుడి వెనక వీధిలో మా ఆవిడ పుట్టింటికీ ఆమె ఇంటికీ మధ్య నడుమెత్తు గోడ. నేను ఈ ఇంటికి ఇల్లరికం వచ్చాను. మా ఆవిడ ఆమెను పెద్దమ్మ అనేది కాబట్టి నాకు అత్త అయింది.

ఇల్లరికపు అల్లుడంటే వీధికి వేడుక. టీ కొట్టు దగ్గర నన్ను చూడగానే ఎవడో ఒకడు, "అల్లుడుగారొచ్చేరు, కుర్సీ ఎయ్యండ్రా" అనేవాడు. మిగతావాళ్ళు నవ్వేవారు. కుర్చీ మాత్రం ఎవరూ వేసేవారు కాదు. గ్లాసు పట్టుకుని గోడవారన నిలబడి తాగి వచ్చేసేవాణ్ణి.

ఆ రోజుల్లోనే సంతలో రెండు పెట్టలు కొన్నాను. ఇంట్లో అప్పటికే మా ఆవిడ తల్లి పెంచిన కోళ్ళున్నాయి. కొత్తవాటి కాళ్ళ కట్లు విప్పి పాతవాటి మధ్యలో వదిలేశాను. కోళ్ళు కోళ్ళతో కలవవా అనుకున్నాను. పాతవన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. ఈకలు లేచిపోతుంటే ఏం చెయ్యాలో తోచక నిలబడ్డాను. గోడ మీద నుంచి గొంతు వినిపించింది.

"అల్లుడుగారూ, పెళ్ళోరిని బండి దిగీసరికే పందిట్లోకి తోలెస్తారేటండి? విడిదియ్యొద్దా?"

అది ఆమె నాతో అన్న మొదటి మాట. నేను దాన్ని ఉన్నదున్నట్టు తీసుకున్నాను. మా పెళ్ళికి మావాళ్ళకు విడిది ఇచ్చింది వీధివైపు గదిలో. ఆ గది ఊడ్చి, చాప పరిచి, చెంబుతో నీళ్ళు పెట్టి, పెట్టలను లోపల వదిలి తలుపు వేశాను. సాయంత్రం ఆ తలుపు తీసి మా ఆవిడ వేసిన కేకకు అత్త చీపురు చేత్తోనే పరుగెత్తుకొచ్చింది. గదిలోకి తొంగి చూసి, నడుం పట్టుకుని నవ్వింది.

"ఓలమ్మా! సాపేసినారు, మరి పరుపేది? తాంబూలాలేవండి అల్లుడుగారూ?"

నవ్వి ఊరుకోలేదు. ఆ పూటే తన పాత గంప తెచ్చి మా పెరటి చివర, మునగచెట్టు అవతల బోర్లించింది. కోళ్ళ విడిది అంటే ఏమిటో అప్పుడు చెప్పింది. కొత్త కోడి పాత గూటికి ఎంత దూరంగా ఉంటే అంత మంచిది. నెల గడిచేదాకా వాటితో కలవకూడదు. నీళ్ళ ముంత వేరు, మేత చిప్ప వేరు. తుమ్ముతోందా, రెట్ట పలచగా పడుతోందా, రెక్క కింద పేలున్నాయా అని రోజూ చూడాలి.

"మనుషుల్లోనైతే ముందు పెళ్ళోరికి వడ్డిస్తాం. కోళ్ళలో ముందు ఇంటోళ్ళకే. కొత్తదాని కాడికెళ్ళిన కాళ్ళతో పాతదాని కాడికి రాకండి. రోగం మన కాళ్ళతోనే నడిసొస్తాది."

ఎందుకంత పట్టింపు అని నేను అడగలేదు. మా ఆవిడే చెప్పింది. ఒకప్పుడు సంత నుంచి తెచ్చిన ఒక్క పెట్ట వల్ల కొక్కెర తెగులు సోకి అత్త కోళ్ళన్నీ పోయాయట. ఆ సంగతి అత్త నాతో ఎన్నడూ ఎత్తలేదు. కొత్త కోడి తుమ్మిందంటే మాత్రం పొయ్యి మీది గిన్నె దించేసి వచ్చేది.

విడిది అయ్యాక చూపులు. పెరటి మధ్యలో చేపల వల అడ్డం కట్టించి, కొత్తవాటిని ఒక పక్క, పాతవాటిని ఒక పక్క వదిలించింది. పాతవి మెడ ఈకలు నిక్కబొడుచుకుని వల మీదికి ఉరికేవి. నేను కంగారుపడితే ఆమె గోడకు మోచేతులు ఆన్చి నిలబడి అనేది: "సూసుకోనీండి. రోజూ సూసే మొహం మీద కోపం ఎన్నాళ్ళుంటాది?"

కొన్నాళ్ళకు ఉరకడం మానేశాయి. అప్పుడు ఒక సాయంత్రం, మసక చీకట్లో, రెంటినీ కలిపి గూట్లో ఎక్కించమంది. ఒంటి కోడిని ఎన్నడూ కలపొద్దంది, జత ఉండాలట. తెల్లారేసరికి మేత చిప్పలు నాలుగు చోట్ల పెట్టి, తోటకూర కట్టలు అక్కడక్కడా వేలాడదీయించింది. తరిమితే దాక్కోవడానికి ఒక తడిక వాలించింది.

"పొడుసుకుంటాయి. పొడుసుకోనీండి. మద్దిలోకి ఎల్లకండి. వరస తేలాలి కదా? నెత్తురు కనబడితేనే ఎల్లండి."

వరస అంటే కోళ్ళలో ఎవరు ముందు తినాలి, ఎవరు పై కర్ర మీద కూర్చోవాలి అన్నది. మనుషుల్లో ఎవరు ఎవరిని ఏమని పిలవాలి అన్నది. ఆమె రెంటికీ ఒకే మాట వాడేది. ఎందుకో నాకు తర్వాత తెలిసింది.

నన్ను గారూ, అండీ అనడం ఆమె చాలాకాలం మానలేదు. గూటి గడియ ఊడింది చూస్తారా అనేది, మిల్లులో తౌడు దొరుకుతుందా అనేది. రోజూ ఏదో ఒక పని మీద గోడ దగ్గరికి పిలిచేది. నన్ను వీధిలోకి లాగలేదు. నా తరఫున ఎవరితోనూ తగవు పడలేదు.

ఒక ఆదివారం టీ కొట్టు దగ్గర అలవాటుగా గోడవారన నిలబడి ఉన్నాను. గుడికొచ్చే ఆటోలతో వీధి నిండిపోయింది. ఆమె పుంజు ఎలా తప్పించుకుందో ఆ ఆటోల మధ్యకొచ్చి పడింది. వెనకాలే ఆమె, కొంగు నడుముకు దోపుకుని.

"ఒరే అల్లుడా! నిలబడి సూస్తన్నావేట్రా? అట్టుకోరా దాన్ని!"

వీధంతా వింది. నేను గ్లాసు వదిలి పరుగెత్తాను. బల్ల మీదున్నవాళ్ళూ లేచారు. "బావా, అటుకాసెళ్ళు! అటుకాసి!" అని ఒకడు అరిచాడు. నన్నే అన్నాడని తెలియడానికి క్షణం పట్టింది. పుంజును చంకలో పెట్టుకుని తిరిగొచ్చేసరికి బల్ల మీద నాకు చోటుంది. ఆ తర్వాత ఆ వీధిలో నన్ను గారూ అన్నవాళ్ళు లేరు. ఆమెకు కృతజ్ఞత ఎలా చెప్పాలో తెలియక మర్నాడు ఆమె గూటికి కొత్త గడియ బిగించాను. "బేగి కానీరా, ఎండెక్కుతన్నాది" అంది. అంతే.

ఆమె కూతురు విజయనగరంలో మేడ మీద వాటాలో ఉంటుంది. అక్కడ కోళ్ళకు చోటు లేదు. పెద్ద దినం ముందు బంధువుల్లో ఒకాయన గూటివైపు చూసి, "ముసిలి పెట్టలు, ఎవుడు కొంటాడు? కూరొండిస్తే సరిపోద్ది" అన్నాడు. కూతురు ఒక ముసలి పెట్టను, మెడ మీద ఈకలు లేనిదాన్ని, ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అది అత్తకు బాగా ఇష్టమైనది.

"నాకిచ్చీండి" అన్నాను. అంతమందిలో నేను నోరు విప్పడం అదే మొదలు.

"నీ కోళ్ళు వీటిని పొడిసి సంపీవా బావా? ఇది ఏనాడూ ఒకరి గూట్లో ఉండనేదు" అంది కూతురు.

"విడిదిస్తాను."

ఆ మాటకు ఆమె ఏడుస్తూనే నవ్వింది.

గోడ అవతలివే కదా, ఇంకా విడిదేమిటని మా ఆవిడ అంది. అత్త ఉంటే ఒప్పుకోదని అన్నాను. మునగచెట్టు అవతల తడిక కట్టాను. నావాటికి ముందు మేత వేసి, తర్వాత వీటికి వేసి, కాళ్ళు కడుక్కుని వచ్చేవాణ్ణి. తుమ్ములు లేవు, పేలు లేవు. భయమల్లా బోడిమెడదాని గురించే. ఆ పెరట్లో అది పెద్ద. అది రాకముందు ఏ కోడీ చిప్ప ముట్టేది కాదు. ఇక్కడ నా ఎర్రపెట్టది పెత్తనం. వల కట్టిన మొదటి రోజు రెండూ ఎదురెదురుగా నిలబడి చాలాసేపు కదల్లేదు. మేత వేసేటప్పుడు బోడిమెడదాన్ని "రామ్మా, తినమ్మా" అనే పిలిచేవాణ్ణి. పరాయి ఇంటి మనిషితో మాట్లాడినట్టే ఉండేది. కూతురు రోజూ ఫోను చేసి, "కలిసేయా బావా?" అని అడుగుతూనే ఉంది.

ఇంతవరకూ పగలు రాసింది. సాయంత్రం మసక పడ్డాక వల విప్పాను. మిగతావి గొడవ లేకుండా గూట్లో దూరాయి. బోడిమెడది గుమ్మంలో ఆగింది. ఎర్రపెట్ట పై కర్ర మీద నుంచి దూకి దాని నెత్తిన పొడిచింది. ఒక ఈక లేచింది. నేను సగం లేచాను. వంగి చూశాను. నెత్తురు లేదు. మళ్ళీ కూర్చున్నాను.

ఇంకోసారి పొడిచింది. బోడిమెడది తిరగబడలేదు, బయటికీ పోలేదు. మెడ సాచి అలాగే నిలబడింది. ఎర్రపెట్ట దాని చుట్టూ ఒకసారి తిరిగి, తన చోటికి ఎగిరి కూర్చుంది. ముసలిది కర్ర కింద నిలబడి గోడవైపు చూస్తోంది.

"ఒసే, ఎక్కవే! ఎవుల కోసం సూస్తన్నావు?"

నా నోటివెంటే వచ్చింది ఆ మాట. ముసలిది ఒకసారి రెక్కలు విదిలించి ఎగిరింది. కర్ర అందక జారి, మళ్ళీ ఎగిరింది. ఎర్రపెట్ట గొంతులోనే ఏదో గొణిగి, కాస్త పక్కకు జరిగింది. ఇప్పుడు రెండూ ఒకే కర్ర మీద ఉన్నాయి. వాటి మధ్య బెత్తెడు ఎడముంది. బోడిమెడది కళ్ళు మూసుకుంది.

నీళ్ళ ముంతలు కడిగి బోర్లించాను. గూటి తలుపు వేసి గడియ పెట్టి, కలిశాయని చెప్పడానికి అత్త కూతురికి ఫోను చేశాను.