తుంగభద్రలో వదిలిన బెండకాయ

కాశీకి పోయినవాళ్లు కాయో పండో వదిలి వస్తారు. కాశీ దాకా పోలేని భీమక్క మంత్రాలయం దగ్గర తుంగభద్రలో మునిగి, బెండకాయ వదిలింది. నాలుగేళ్లయింది. ఎవరికి ఇష్టమైనది వాళ్లు వదలాలంటారు గానీ ఆమె వదిలింది చనిపోయిన భర్తకు ఇష్టమైనది. "ఆయప్ప తినలేనిది నాకెందుకు మద్దక్కా?" అన్నది, పక్కనే మునిగిన నాతో.

హొళగుంద దగ్గర వాళ్లకు బోరు కింద అరెకరం చేను. భర్త ఎల్లప్ప బెండ పండించేవాడు. భీమక్క మొదటి బస్సుకు గంప ఎక్కించుకుని ఆదోని మార్కెట్‌కు వచ్చేది. ఎల్లప్పకు జొన్నరొట్టెలోకి బెండకాయ లేకపోతే ముద్ద దిగేది కాదు. "అమ్మేదాంట్లో సగం ఈయన కడుపులోకే పోతాంది" అని తిట్టేది. తిడుతూనే లేతవి ఏరి కొంగున కట్టుకునేది. ఒక ఎండాకాలం చేనికి నీళ్లు కట్టడానికి పోయిన మనిషి గట్టుమీదే కూలిపోయాడు. కొడుకు ధనుంజయ బెంగళూరు నుంచి వచ్చేసరికి అంతా అయిపోయింది. వాడి బాధ వాడికి చాలని, తన ఒట్టు సంగతి ఆమె వాడికి చెప్పనేలేదు.

బెంగళూరులో ధనుంజయ పనిచేసింది అమెరికా వంటల హోటల్లో. ఆ దేశంలో లూసియానా అనే చోట కేజన్, క్రియోల్ అని వంటలున్నాయట. ఆ హోటల్ మూతపడింది. వీడు ఆదోనికి తిరిగొచ్చి, ఎమ్మిగనూరు రోడ్డులో నా కుట్టుమిషన్ షాపు పక్కనే అవే వంటలతో హోటల్ పెట్టాడు. బోర్డు మీద 'గంబో' అని అక్కడి పులుసు పేరు రాయించాడు. "గంబోనా, గుంబజా?" అని దారిన పోయేవాళ్లు నవ్వారు. నాకూ ఒళ్లు మండింది. ఇంత ఇడ్లీ, ఇంత దోసె పెట్టుకుంటే పోదా! ముప్పై దాటినా పెళ్లి మాట ఎత్తడు. "బెండకాయ ముదిరినా బ్రహ్మచారి ముదిరినా పనికిరావురా" అని ఆటపట్టించాను కూడా.

హోటల్ తెరిచింది ఆదివారం. తొలి ముద్ద అమ్మే తినాలని పట్టుబట్టాడు. జనం బాగానే వచ్చారు. అందరి చూపూ భీమక్క మీదే. ఆమె ముఖం చూసి, తినాలో వద్దో తేల్చుకుందామని కూర్చున్నారు.

గిన్నె తెచ్చి ముందు పెట్టాడు. చిక్కటి నల్లపులుసు, కోడిముక్కలు, నడుమ అన్నం. భీమక్క స్పూను ముంచి పైకెత్తింది. సన్నటి జిగురు తీగలా సాగింది. ఆమె చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఇందులో ఏం కాయ ఏసినావు నాయనా?"

"బెండకాయ మా! గంబో అంటేనే బెండకాయంట. మా నాయనకిష్టమని రోంత ఎక్కువే ఏసినా."

తింటే మొగుడి పేరున పెట్టుకున్న ఒట్టు పోతుంది. తినకపోతే కొడుకు హోటల్ పోతుంది. కన్నతల్లే ముట్టనిది ఊరు ముడుతుందా? వాడికి విషయం చెబుదామని నోరు తెరిచాను. భీమక్క కంటితోనే నన్ను ఆపింది. స్పూను కింద పెట్టేసింది.

"ఇంకో గిన్నె తేప్పా" అన్నది.

వాడు సంబరంగా తెచ్చాడు. ఆమె ఆ గిన్నెను ఎదురుగా ఖాళీ కుర్చీ ముందు పెట్టింది. అరచేతిలో నీళ్లు పోసుకుని గిన్నె చుట్టూ తిప్పింది.

"ఎవరికిమా?"

"మీ నాయనకు. ఆయప్ప తినలేడని నేను బెండకాయ వదిలినా. తుంగభద్రలో ఒట్టు పెట్టుకుంటి. నీకు సెప్పలేదు."

ధనుంజయ ముఖం పాలిపోయింది. "తెలిసుంటే ఏసేటోన్ని కాదు మా" అన్నాడు.

"తెలీకపోయిందే మంచిదాయె. ఆయప్ప ఇప్పుడు తింటాండాడు. ఇంగ నేనూ తింటా."

కాసేపు కళ్లు మూసుకుని కూర్చుంది. ఆ తర్వాత చేత్తో కలుపుకుని తినడం మొదలుపెట్టింది. నాకు ఏడుపు ఆగలేదు, కొంగు నోట్లో కుక్కుకున్నాను.

"ఎట్లుందిమా?" అన్నాడు వాడు ఎప్పటికో.

"ఉప్పు రోంత తగ్గింది. మీ నాయనైతే అరిసేటోడు."

ధనుంజయ లోపలికి పోయి ఉప్పు తెచ్చాడు. ముందు తండ్రి గిన్నెలో వేశాడు.