మిరపకాయ మోసిన నింద

తొంభైల చివర్లో, మిరపకోతలు సాగుతున్న రోజుల్లో మా నాన్న పోయాడు. అప్పటికి ఆయనకి యాభై కూడా నిండలేదు. రెండేళ్లుగా రక్తం పడుతుంటే మొలలనుకుని ఆకుపసర్లు మింగుతూ వచ్చాడు. ఒంగోలులో చూపించేసరికి పెద్దపేగులో గడ్డ ముదిరిపోయిందన్నారు. పలకరించడానికి వచ్చిన వాళ్లందరిదీ ఒకటే మాట: "కారం తిని తిని పేగు పాడుచేసుకున్నాడు."

ఆయన నిజంగానే కారం మనిషి. పండుమిరప పచ్చడి లేనిదే పొలంలో ఆయనకి ముద్ద దిగేది కాదు. ఆ పచ్చడి నూరేది మా అమ్మ. నాన్న పోయాక ఇక నూరలేదు. ఆయన గుర్తొస్తాడని కాబోలనుకుని అక్కా నేనూ ఎప్పుడూ అడగలేదు.

అక్క నాకంటే ఆరేళ్లు పెద్దది. చిలకలూరిపేటలో జాకెట్లు కుట్టేది. నేను ఒంగోలు దగ్గర బడిలో పంతులమ్మని. నాన్న పోయిన ఏడెనిమిదేళ్లకి అక్కకి నీరసం పట్టుకుంది. రక్తం తక్కువగా ఉందని ఐరన్ బిళ్లలు ఇచ్చారు. ఒక ఆదివారం ఫోన్ చేసి, "ఏమే, నాన్నకి మొదట్లో ఎట్లా ఉండేదో నీకు గుర్తుందా?" అని అడిగింది. తనకీ రక్తం పడుతోందని అప్పుడు అర్థమైంది నాకు. ఆ వారంలోనే గుంటూరు తీసుకెళ్లాను. కెమెరా ఉన్న గొట్టంతో పేగు లోపల చూసి, గడ్డ ఉందని చెప్పారు. అక్కకి అప్పుడు ముప్పై తొమ్మిదేళ్లు.

ఆపరేషన్ చేసి గడ్డ ఉన్న మేరకు పేగు కోసి తీసేశారు. నాలుగోరోజు డాక్టరమ్మ ఒక తెల్లకాగితం పట్టుకుని వచ్చి, మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది. ఇంట్లో ఎవరెవరు ఏ జబ్బుతో పోయారో చెప్పమంది. అమ్మ తలుచుకుని తలుచుకుని చెప్పింది. నాన్న సరే. ఆయన అక్క, అంటే మా మేనత్త, గర్భసంచి కాన్సర్‌తో పోయింది. నాయనమ్మ ఏళ్ల తరబడి కడుపునొప్పితో తీసుకుని తీసుకుని పోయింది. డాక్టరమ్మ మగవాళ్లకి చదరాలు, ఆడవాళ్లకి సున్నాలు గీసి, జబ్బు పడ్డవాళ్లని పెన్నుతో నింపింది. కాగితం నల్లబడుతుంటే అమ్మ చూడలేక తల తిప్పుకుంది.

"అమ్మా, నేనొకటి చెప్పాలండి," అంది చివరికి డాక్టరమ్మతో. "ఆయనకి కారం పెట్టింది నేనే. ఈ పిల్లలకీ చిన్నప్పట్నుంచీ పెట్టింది నేనే. నా చేత్తోనే నూరి పెట్టాను."

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టింది. "ఇది కారం తెచ్చిన జబ్బు కాదమ్మా. ఈ చుట్టుపక్కల కారం తినని ఇల్లుందా? అన్ని ఇళ్లలోనూ ఇట్లా లేదే! మన ఒంట్లో కణాలు పెరిగేటప్పుడు తప్పులు దొర్లుతుంటాయి. వాటిని సరిచేసే జన్యువులు ఉంటాయి. మీ అత్తగారి వైపు నుంచి అందులో ఒకటి దెబ్బతిని వస్తున్నట్టుంది. మీ వంటకీ దానికీ సంబంధం లేదు."

అమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు మాత్రం కదులుతున్నాయి. సెలైన్ ఎక్కుతున్న చెయ్యి చాపి అక్క ఆమె మోకాలు పట్టుకుంది.

"ఇన్నేళ్లూ ఇదా నువ్వు మనసులో పెట్టుకున్నది? మాతో ఒక్కమాట అనొచ్చు గదే అమ్మా!"

కాసేపటికి తేరుకుని, తిండి సంగతేమీ లేదా అని అడిగింది అమ్మ. ఉందంది డాక్టరమ్మ. కంటికి కనపడని బాక్టీరియా కోట్లకొద్దీ పేగుల్లో కాపురం ఉంటాయట. మనం తిన్నదే వాటికీ తిండి. ఆకుకూరలు, పప్పులు తింటే మేలు చేసేవి బలుస్తాయి. చెడ్డవి కొన్ని పేగుగోడకి వాపు తెచ్చి గడ్డలకి తోడవుతాయేమోనని పెద్దపెద్దవాళ్లు పరిశోధిస్తున్నారనీ, అది ఇంకా పూర్తిగా తేలలేదనీ చెప్పింది. "పుట్టుకతో వచ్చిన జన్యువుని మార్చలేం. ఆ బాక్టీరియాకి పెట్టే తిండి మాత్రం మన చేతిలోదే."

"అయితే మా పిల్ల కడుపులో ఇంకో సంసారం ఉందన్నమాట," అంది అమ్మ. అక్క నవ్వబోయి కుట్లు లాగి, "నవ్వించకే తల్లీ," అని మూలిగింది. ఆ తర్వాత నెలల తరబడి అమ్మ అక్కకి తోటకూర పప్పు కలిపి పెడుతూ, "నీకు చాలితే చాల్లే, ఈ ముద్ద వాటికి," అనేది.

ఆరోజు వెళ్లబోతూ డాక్టరమ్మ నావైపు తిరిగింది. "మీరూ చూపించుకోవాలి." సరేనన్నాను గానీ, పరీక్ష పేపర్లు దిద్దాలంటూ మూడు నెలలు దాటేశాను. దెబ్బతిన్న జన్యువు నాకు వచ్చిందో లేదో తేల్చే పరీక్ష అప్పట్లో మాకు అందుబాటులో లేదు. పేగు చూపించుకోవడం ఒక్కటే దారి. చివరికి అక్కే బస్సెక్కి వచ్చి నన్ను బయల్దేరదీసింది. అప్పటికి ఆమె ఒళ్లింకా పూర్తిగా కూడుకోలేదు.

పేగు శుభ్రం కావడానికి తెల్లవారుజాము నుంచి ఏదో పౌడరు కలిపిన నీళ్లు తాగాలి. అదొక రకం ఉప్పుతీపి. నాలుగో గ్లాసుకి వాంతి వచ్చినంత పనయింది. నేను బాత్రూములోకి పరిగెత్తిన ప్రతిసారీ అక్క తలుపు బయట నిలబడి, "ఉన్నాన్లే, గడియ పెట్టుకోకు," అనేది.

ఒకసారి బయటికొచ్చి గోడకి ఆనుకుని ఏడ్చాను. "నాకుంటే భయం. లేకపోతే నీకొక్కదానికే ఎందుకొచ్చిందా అని బాధ."

"పిచ్చిమొహమా! నాకు రాబట్టేగా నిన్ను పట్టుకొచ్చాం? నీకు లేదన్నారనుకో, ఆ సంతోషం నీకంటే నాకే ఎక్కువ. తాగు, ఇంకో గ్లాసుంది."

నా పేగులో చిక్కుడుగింజంత బుడిపె ఒకటి కనిపించింది. అక్కడికక్కడే తీసి పరీక్షకి పంపారు. ఇంకా కాన్సర్‌గా మారలేదన్నారు. అక్క ఆ కాగితాన్ని రెండుసార్లు చదివించుకుంది. అప్పట్నుంచి క్రమం తప్పకుండా ఇద్దరం కలిసే వెళ్లి చూపించుకుంటున్నాం. అక్కకి మళ్లీ రాలేదు.

నాకు బుడిపె తీసిన ఆ ఎండాకాలమే, మేనత్త కొడుకుని కూడా పరీక్షకి తీసుకెళ్దామని ఇద్దరం సింగరాయకొండ వెళ్లాం. అతను అక్కకంటే మూడేళ్లు చిన్న. "నాకేమైంది వదినా, గుండ్రాయిలా ఉన్నాను," అన్నాడు. "నేనూ అట్లాగే ఉన్నాన్రా," అంది అక్క. అయినా అతను కదల్లేదు. అక్క అతని భార్యని గదిలోకి తీసుకెళ్లి, పొట్ట మీద కుట్లు చూపించింది. ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుంటూ బయటికొచ్చింది. గోడకి ఉన్న కాలెండరు తీసి మొగుడి ముందు పెట్టింది.

అతను భార్యని చూశాడు, అక్కని చూశాడు. "సోమవారం వెళ్దాం," అన్నాడు. "వదినా, నువ్వూ వస్తావు గదా?"

"రాకేంరా," అంది అక్క.